తెర మీద నా మోచేయి

నా చిన్నప్పుడు మా బస్తీలో సినిమా చూడటమంటే వెతుక్కోవడమే. ఫిల్మ్ నగర్ గుట్టల మీద బంగళాలు ఇంకా అంతగా లేని రోజులవి. బండల మధ్య వేసుకున్న గుడిసెలు మావి. మగవాళ్ళు బంగళాల పునాదులకు రాయి కొట్టేవారు. ఆడవాళ్ళలో కొందరు స్టూడియోకి వెళ్ళి గుంపు సీన్లలో నిలబడేవారు. పెళ్ళి సీనైతే పెళ్ళికి వచ్చిన చుట్టాలు, సంత సీనైతే కూరగాయలు కొనేవాళ్ళు, చావు సీనైతే ఏడ్చేవాళ్ళు. ఆ సినిమా ఎర్రగడ్డ హాలుకి వచ్చిందంటే బస్తీ అంతా కదిలి వెళ్ళేది. కథ ఎవరికి కావాలి? "అగో, గా ఎర్రచీర నేనే" అని ఒకరు లేచేవారు. "ఏడున్నవే, గా స్తంభం ఎనకాలనా" అని ఇంకొకరు మెడ సాచేవారు. వెనక కూర్చున్నవాళ్ళు కూర్చోమని తిట్టేవారు. హీరో బతికాడో చచ్చాడో ఇంటికి వచ్చాక కూడా మాకు తెలిసేది కాదు.

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, మాతోనే ఉండేది. మొగుడు పోయిన మనిషి. నాందేడ్ దిక్కున ఉన్న అత్తగారి వాళ్ళతోపాటు తనూ బౌద్ధం తీసుకుంది. గోడకు చిన్న బుద్ధుడి పటం, పున్నమి పున్నమికి తెల్లచీర, పొద్దున్నే కళ్ళు మూసుకుని కాసేపు కూర్చోవడం. ప్రాణం తీయను, ఇవ్వనిది తీసుకోను, తప్పు నడక నడవను, అబద్ధం ఆడను, మత్తు ముట్టను అని రోజూ తనకు తాను చెప్పుకునేది. చెప్పుకుని ఊరుకుంటే బాగానే ఉండేది. అలాగే బతికేది కూడా, అక్కడే వచ్చింది మాకు తంటా. అలాంటి మనిషితో ఒక్క గుడిసెలో ఉండటం ఎంత విసుగో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. పక్కింటావిడ ప్రేమగా కూర పంపి ఎలా ఉందని అడిగితే, ఉప్పు ఎక్కువైందని చెప్పేది. ఇంట్లోకి తేలు వస్తే మా అమ్మ చెప్పు తీసేది. ఈమె అడ్డం పడి, దాన్ని చాటలోకి ఎక్కించి గుట్ట అవతల వదిలి వచ్చేది.

"గది మళ్ల మనింటికే వస్తదక్కా, దానికి తొవ్వ ఎర్కే" అని మా అమ్మ తల కొట్టుకునేది.

పెద్దమ్మ కూడా గుంపు సీన్లకే వెళ్ళేది. ఏళ్ళ తరబడి వెళ్ళింది. కానీ హాల్లో మేమందరం లేచి అరుస్తుంటే తనొక్కతే కాళ్ళు ముడుచుకుని, తెర వైపు చూస్తూ కళ్ళు తుడుచుకునేది. కుండ పట్టుకున్నది నువ్వే కదా పెద్దమ్మా అని నేను గుంజితే, "ఉంటే ఉండనీ బిడ్డా, జర జరుగు, గామె ఏమంటదో ఇననీ" అనేది. ఈమెకు సిగ్గూ లేదు, సంబరమూ లేదు అని నాకు ఒళ్ళు మండేది.

ఎందుకు మండేదో చెప్పాలి. పక్కింటి అక్క ముఖం ఒక సినిమాలో తెర నిండా కనిపించింది. రెప్ప వేసి తెరిచేంతసేపు, అంతే. దాంతోనే ఆమె బస్తీకి రాణి అయిపోయింది. బోరింగు దగ్గర నీళ్ళకు నిలబడితే ఆమె బిందె ముందుకు జరిగేది. పండక్కి ముగ్గు వేస్తుంటే చుట్టూ పిల్లలు మూగేవారు. ఏ పని చేస్తున్నా ఒక పక్కకు తిరిగి చేసేది, కెమెరా ఇంకా అక్కడే ఉన్నట్టు. నాకు కూడా అది కావాలి. అన్నం వద్దు, కొత్త గౌను వద్దు, నా ముఖం ఒక్కసారి తెర మీద కనిపించాలి. అప్పుడు ఆ బోరింగు దగ్గర నా బిందె కూడా ముందుకు పోవాలి. రోజూ పెద్దమ్మ కొంగు పట్టుకుని ఏడ్చేదాన్ని, నన్నూ తీసుకుపో అని.

చివరికి ఒక పెళ్ళి భోజనాల సీనుకి చిన్నపిల్లలు కావాల్సి వచ్చారు. మనుషుల్ని పోగుచేసి స్టూడియోకి తీసుకెళ్ళే ఏజెంటు మద్రాసు నుంచి వచ్చినాయన, మాట కోస్తా మాట. నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"పిల్ల కాస్త పొడుగ్గా ఉందమ్మా. వాళ్ళు ఎనిమిదేళ్ళు మించని వాళ్ళనే అడిగారు. లోపల ఎవరైనా అడిగితే ఎనిమిదని చెప్పు."

"పదకొండు సారు," అంది పెద్దమ్మ.

"పదకొండని నాకూ కనబడుతోందమ్మా. చెప్పేటప్పుడు ఎనిమిదను."

"నేననను సారు."

ఆయన నుదురు రుద్దుకున్నాడు. "నువ్వు చేసేదే యాక్టింగు కదమ్మా. ఎవరెవరి పెళ్ళిళ్ళకో చుట్టానివయ్యావు, ఎవరెవరి శవాల మీదో పడి ఏడ్చావు. అవన్నీ అబద్ధాలు కావేంటి?"

"గది సినిమ అని సూసెటోళ్ళకు ఎర్కే గద. ఆడ ఎవ్వరు మోసపోరు. గీడ గా లోపలున్న సారు మోసపోతడు."

ఆమె చెయ్యి కొరుకుదామా అనిపించింది నాకు. గేటు అక్కడ కనిపిస్తోంది, లోపల లైట్లు కనిపిస్తున్నాయి, మధ్యలో ఈమె సత్యం అడ్డం పడింది. ఏజెంటు కూడా విసిగిపోయి, "సరే, కనీసం నోరు మూసుకుని ఉంటావా తల్లీ?" అన్నాడు. మూసుకుంటానుగానీ అడిగితే మాత్రం ఉన్నదే చెబుతానంది. దేవుడి దయ వల్ల లోపల ఎవరూ అడగలేదు.

సెట్టు లోపల పెద్ద పందిరి వేశారు. నేల మీద వరసగా విస్తళ్ళు, పూరీ, పులిహోర, ప్రతి విస్తట్లో పిడికెడంత బూందీ లడ్డు. నెత్తి మీద లైట్ల వేడికి డాల్డా కరిగి కారుతోంది. ముందు పెళ్ళికూతురి తల్లి వేషం వేసినామె వడ్డించుకుంటూ వస్తుంది, వెనక మేము తింటూ ఉంటాం. అదీ మా పని. లడ్డును అంత దగ్గరగా అంతకు ముందు నేను చూడలేదు. కెమెరా తిరగడమే ఆలస్యం, మొత్తం నోట్లో కుక్కుకున్నాను. "వన్ మోర్" అని అరిచాడు డైరెక్టరు. అంటే తీసింది బాగా రాలేదు, మళ్ళీ తీస్తారని. మళ్ళీ తీయాలంటే విస్తట్లో మళ్ళీ నిండు లడ్డు ఉండాలి కదా. ఇంకొకటి తెచ్చి పెట్టారు. నాకు స్వర్గం కనిపించింది. అదీ తిన్నాను. వన్ మోర్. అదీ తిన్నాను. అలా ఎన్నిసార్లో నాకు గుర్తు లేదు, కడుపుకే గుర్తుంది. కాసేపటికి ఆ డాల్డా వాసనకే నోట్లో నీళ్ళు ఊరడం మొదలైంది. తినాలని కాదు, కక్కాలని.

చుట్టూ చూస్తే పాతవాళ్ళెవరూ తినడం లేదు. ఉత్త నోరు నములుతున్నారు. నాకెవరూ చెప్పలేదు. పక్కన కూర్చున్న పెద్దమ్మ మీద నాకు ఏడుపూ కోపమూ వచ్చాయి.

"కక్కితే నిన్ను బయటకు పంపుతరు," అని మెల్లగా అంది. "లడ్డును ఇడిసిపెట్టు. ఒక్క గింజ తియ్యి. ఒక్కటే. అది నోట్ల పెట్టుకొని, అది ఎట్లున్నదో సూడు. ఇంకేం సూడకు."

ఇంకో దారి లేక ఒక్క బూందీ గింజ తుంచి నాలుక మీద పెట్టుకున్నాను. మొదట పైన ఉన్న పాకం కరిగింది. తర్వాత లోపల శనగపిండి మెత్తబడింది. ఎక్కడో ఒక యాలకుల పలుకు తగిలింది. అన్ని లడ్డూలు తిన్నాను, అందులో యాలకులు ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. వాంతి వెనక్కి పోయింది. లైట్లు, కెమెరా, పక్కింటి అక్క అన్నీ పోయాయి. ఆ గింజ ఒక్కటే ఉంది. అది కూడా తీరిగ్గా కరిగిపోయింది.

"ఆ పాపని చూడండయ్యా, ఎంత బాగా తింటోందో," అన్న మాట వినిపించి తల ఎత్తాను. డైరెక్టరు వేలు నా వైపే ఉంది. కెమెరాను నా ముందుకు తోసుకొచ్చారు. నా ముఖం ఒక్కటే తీస్తారట. గబగబా జుట్టు సరిచేసుకున్నాను.

ఇక చూడండి నా తంటా. "ఇందాకటిలాగే తినమ్మా" అంటాడాయన. ఇందాక ఎలా తిన్నానో నాకేం తెలుసు? కళ్ళు తిప్పాను, నవ్వాను, పక్కింటి అక్కలాగా ఒక పక్కకు తిరిగాను. వన్ మోర్. గింజను చప్పరించాను. వన్ మోర్. నోట్లో ఏముందో నాకు తెలియడం లేదు, మట్టి పెట్టినా నమిలేదాన్నే. ఆయన చేతులు రెండూ నడుం మీద పెట్టుకుని, "ఇందాక బాగా తిన్నావు కదమ్మా, ఇప్పుడేమైంది నీకు?" అన్నాడు. చివరికి విసుగొచ్చి "సరే, ఓకే, చాలు" అని వదిలేశాడు. ఆ ఓకే అన్న మాట ఒక్కటే నేను విన్నాను.

ఆ రోజు నుంచి సినిమా వచ్చేదాకా నేను నేల మీద నడవలేదు. ఎవరు కనబడితే వాళ్ళకు చెప్పాను, తెర నిండా నా ముఖమే అని. పక్కింటి అక్క కూడా మాట మార్చి మర్యాదగా పిలవడం మొదలుపెట్టింది. పెద్దమ్మ ఒక్కతే, "అది వాళ్ళ చేతుల ఉన్నది బిడ్డా, ఉంచుతరో తీస్తరో" అనేది. ఆమె నోటిని ఏం చేసినా పాపం లేదనిపించేది.

సినిమా వచ్చింది. బస్తీ అంతా నేల టికెట్టు కొనుక్కుని నా చుట్టూ కూర్చుంది. కథ మొదలై ఎంతసేపైందో తెలియదు, పెళ్ళి పందిరి వచ్చింది. నేను మోకాళ్ళ మీద లేచాను. పెళ్ళికూతురి తల్లి వడ్డిస్తూ వస్తోంది. వరస కదిలింది. ఒక మూల నుంచి ఆకుపచ్చ గాజులు వేసుకున్న మోచేయి ఒకటి తెర మీదికి వచ్చి, ఇలా ఊగి, వెళ్ళిపోయింది. ఆ గాజులు నావి. ముఖం లేదు. ఇంకా వస్తుందేమోనని చివరిదాకా మోకాళ్ళ మీదే ఉన్నాను. రాలేదు. తీసింది తీసినట్టే కోసి పారేశారు.

లైట్లు వేశాక పక్కింటి అక్క నా భుజం తట్టి, "నీ మోచెయ్యి మస్తుగ యాక్ట్ చేసిందే" అంది. అందరూ నవ్వారు. మా అమ్మ కూడా నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

దారంతా పెద్దమ్మ మీద పడి ఏడ్చాను, అంతా నీ వల్లే అని. ఎలా ఆమె వల్లో నాకే తెలియదు. ఇంకొకరైతే, ఏదో ఒకటి చెప్పి ఓదార్చేవారు. ఈసారి కాకపోతే ఇంకోసారి అనేవారు. ఈ మనిషి అబద్ధం ఆడదు కదా. "కనబడలే. నిజమే," అంది. నా ఏడుపు రెట్టింపయింది. బస్తీ ఎక్కే దారిలో ఒక బండ మీద నన్ను కూర్చోబెట్టి తనూ కూర్చుంది.

"నేను గూడ మొదట్ల గిట్లనే వెతుక్కునేదాన్ని," అంది. "ఏ సినిమ వచ్చినా ఉరికేదాన్ని. కనబడితే ఇంకొంచెం సేపు కనబడకపోతినే అని ఏడుపు. కనబడకపోతే కనబడలేదని ఏడుపు. ఒకనాడు అనిపించింది, గిన్ని సినిమలు సూసిన, ఒక్క సినిమ గూడ సూడలే అని."

నేను వినలేదు. వినే స్థితిలో లేను. ముక్కు చీదుకుంటూ, అయితే నీకేమీ వద్దా, రాయివా నువ్వు అని అడిగాను. "ఎందుకొద్దు, గిప్పుడు చాయ్ కావాలె. నడువ్," అని లేచింది.

ఆ తర్వాత కొద్ది రోజులకు, ఆ సినిమా హాలు నుంచి ఎత్తేసేలోపు, నన్ను మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళింది. నేను రానని గింజుకున్నాను. పొడిచిన చోటే మళ్ళీ పొడవడం ఏమిటి? "నీ మొఖం లేదని తేలిపోయింది గద. ఇంక వెతికే పని లేదు. రా, ఈసారి సినిమ సూద్దాం," అంది. చెయ్యి పట్టుకుని దాదాపు ఈడ్చుకెళ్ళింది. మూతి ముడుచుకుని కూర్చున్నాను.

ఆ పెళ్ళికూతురి తల్లికి, భోజనాలకు ముందే, మొగుడు ఆసుపత్రిలో పోయాడని కబురు వస్తుంది. అది నాకు మొదటిసారి తెలియనే లేదు. పెళ్ళి ఆగిపోతుందని ఆమె ఎవరికీ చెప్పదు. ముఖం కడుక్కుని, బొట్టు సరిచేసుకుని, లడ్డూల పళ్ళెం తీసుకుని వరసలోకి వస్తుంది. ఒక్కొక్కరినీ ఇంకొకటి వేసుకో, ఇంకొకటి వేసుకో అని నవ్వుతూ అడుగుతుంది. కడుపులో అంత పెట్టుకుని అలా నవ్వుతోంది. ఆ చేత్తోనే నా విస్తట్లో కూడా వేసింది కదా, నేను ఆమె ముఖం వైపు ఒక్కసారైనా చూడలేదు. పక్కన పెద్దమ్మ ఏడుస్తోంది, నేనూ ఏడుస్తున్నాను. తెర మీద ఆ తల్లి కూతుర్ని సాగనంపి, తలుపు వేసుకుని, అప్పుడు కూలబడింది. హాలంతా ముక్కులు చీదుకుంటోంది.

బయటికి వచ్చాక పెద్దమ్మ అడిగింది, "నీ మోచెయ్యి కనబడ్డదా?"

నేను నిలబడిపోయాను. చూడలేదు. చూడాలని కూడా గుర్తు రాలేదు. ఆ సీను మొత్తం కళ్ళ ముందు ఉంది, ఆమె గాజులు, ఆమె పళ్ళెం, ఆమె పెదవి వణకడం అన్నీ ఉన్నాయి. నేనొక్కదాన్నే లేను. లేకపోయినా నాకేమీ తక్కువ కాలేదు. లోపల తేలిగ్గా ఉంది, ఏడ్చి వచ్చినా సరే.

"గా గింజ తిన్నప్పుడు గూడ గిట్లనే ఉండెనా?" అంది.

అవునని తల ఊపాను.

"గదే బిడ్డా. నేను, నా మొఖం, నాది అని వెతుక్కున్నంత సేపు కడుపు నిండదు. బుద్ధుడు చెప్పింది గింతే. నాకు గూడ గింతే సమజైంది. మిగతాది పెద్దోళ్ళకు ఎర్క." అంతకు మించి ఆమె ఏ పాఠమూ చెప్పలేదు. దారి పొడుగునా ఆ పెళ్ళికూతురి తల్లి గురించే మాట్లాడుకున్నాం, ఆమె మా చుట్టమైనట్టు.

ఒక్క రోజులో నేను మారిపోయానని చెబితే అది పెద్దమ్మకు అవమానం. బోరింగు దగ్గర పక్కింటి అక్క బిందె ముందుకు జరిగినప్పుడల్లా ఒళ్ళు మండుతూనే ఉండేది. నేను బౌద్ధం తీసుకోలేదు, నాకు అంత ఓపిక లేదు. తేలు కనబడితే కొట్టేస్తాను. నాకు చదువూ రాలేదు, సంతకం మాత్రం పెడతాను. కానీ ఆ మాట మాత్రం ఎక్కడో లోపల పడి ఉండిపోయింది. మా ఆయనతో కాపురం చేసినన్నాళ్ళూ అది అప్పుడప్పుడు లేచి కూర్చునేది. ముఖ్యంగా పొద్దున పూట, ఆయన చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, రోడ్డు మీద వచ్చేపోయే కార్లను ఇది ఏ హీరోది, అది ఏ హీరోది అని అన్నీ తప్పే చెబుతుంటే, నా గొడవ పక్కన పెట్టి ఆయన్ని చూస్తూ కూర్చునేదాన్ని. ఏముంది అంతగా చూడటానికి అని విసుక్కునేవాడు.

ఆయన పోయినప్పుడు పదకొండో రోజుకి దండ వేయడానికి ఫోటో కావాల్సి వచ్చింది. ఇంటి నిండా ఫోన్లు. కొడుకులు, కోడళ్ళు, మనవలు అందరూ ఒక మూల చేరి వెతికారు. వేలకొద్దీ ఫోటోలు ఉన్నాయి, అన్నీ వాళ్ళవే. ఎవరికి వాళ్ళు చెయ్యి చాచి తీసుకున్నవి. ఒక దాంట్లో వెనక ఆయన చెవి ఉంది. ఒక దాంట్లో సగం వీపు. ఒక దాంట్లో మంచం మీద కాళ్ళు. నాన్నది ఒక్క మంచి ఫోటో లేదే అని మా పెద్దోడు కూలబడి ఏడ్చాడు. నాకు ఎంత చిరాకు వేసిందో చెప్పలేను. మనిషి ఇన్నాళ్ళు ఎదురుగానే కూర్చున్నాడు కదరా, ఏం చేశారు మీరంతా అని అడగాలనిపించింది. వాడి ఏడుపు చూసి ఊరుకున్నాను. చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మే పెద్దది చేయించి తెచ్చారు. అందులో ఆయన దొంగతనం చేసి దొరికిపోయిన వాడిలా ఉంటాడు.

ఇంటికి వచ్చినవాళ్ళంతా ఇప్పటికీ ఆ పటం చూసి, అయ్యో, ఇంతకన్నా మంచిది లేదా అంటారు. నాకు అవసరం లేదు. అలాగని ఆ మనిషిని అన్నాళ్ళూ చూశానని గొప్పలు చెప్పను, పెద్దమ్మ వింటే ఊరుకోదు. సగం రోజులు నా మాటే నెగ్గాలని కొట్లాడాను, ఆ సగంలో ఆయన ఎలా ఉన్నాడో నాకు గుర్తే లేదు. మిగిలిన సగం మాత్రం చూశాను. సాసరు అంచు, ఆయన ఊపిరి, తప్పుడు హీరో పేర్లు. అది నా దగ్గర ఉంది.